మీకు తెలుసా? లూసెర్న్ సరస్సులో చివరి రేవు దాకా

స్విట్జర్లాండ్ వెళ్లొచ్చే మనవాళ్లలో లూసెర్న్ సరస్సును చూడనివాళ్లు అరుదు. దాని మీద నిజంగా ప్రయాణం చేసినవాళ్లూ అరుదే. పొద్దున టిట్లిస్ మంచుకొండ, సాయంత్రం పైకప్పున్న పాత చెక్క వంతెన దగ్గర ఫొటోలు, వీలుంటే నడుమ గంటసేపు పడవ షికారు. ప్యాకేజీ టూరులో సరస్సుకు దక్కే వాటా ఇంతే. ఆ గంటలో పడవ సరస్సు ముంగిట ఒక చుట్టు తిరిగి వెనక్కి వచ్చేస్తుంది. రెండు వైపులా కొండలు దగ్గరపడే చోటు, స్విస్ దేశం పుట్టిందని చెప్పుకునే పచ్చిక, గాలివానలో విలియం టెల్ దూకిన బండ, ఇవన్నీ ఆ తర్వాతే ఉన్నాయి. అందుకే ఈసారి ముచ్చట్లను లూసెర్న్ రేవు నుంచి అటు కొసన ఉన్న ఫ్ల్యూలెన్ రేవు దాకా, పడవ సాగే వరసలోనే చెబుతాను. ప్రయాణం తలపెట్టేవారికి పనికొచ్చే సంగతులు మధ్యమధ్య వస్తాయి.

పడవే దారి

1865 దాకా ఈ సరస్సు ఆగ్నేయపు కొసకు ఒడ్డు వెంట బండ్లు నడిచే రోడ్డే లేదని మీకు తెలుసా? జర్మనీ వైపు నుంచి ఇటలీకి వెళ్లే వర్తకులు గొటార్డ్ కనుమ దాటాలి. కనుమ చేరాలంటే ముందు ఈ సరస్సు దాటాలి. బ్రున్నెన్ నుంచి ఫ్ల్యూలెన్ దాకా కొండలు నిట్టనిలువుగా నీళ్లలోకి దిగిపోతాయి. ఆ రాతిని తొలిచి ఆక్సెన్ రోడ్డు వేసేవరకు మనుషులైనా సరుకులైనా పడవ ఎక్కాల్సిందే. మొదటి ఆవిరి పడవ 1837లో వచ్చింది. గొటార్డ్ రైలు 1882లో వచ్చింది. రైలు వచ్చాక కూడా పడవలు ఆగలేదు.

ఇవాళ్టికీ ఇక్కడి పడవ విహార నౌక కాదు, టైంటేబుల్ ప్రకారం ఊరూరా ఆగుతూ పోయే ప్రజా రవాణా. లూసెర్న్ రైల్వే స్టేషన్ గుమ్మం దాటి రోడ్డు దాటితే రేవు. మామూలు సర్వీసులకు ముందుగా సీటు బుక్ చేసుకోనక్కరలేదు. టికెట్టు కొనుక్కుని ఎక్కడమే. నచ్చిన ఊళ్లో దిగి, తర్వాతి పడవలో మళ్లీ ఎక్కొచ్చు. స్విస్ ట్రావెల్ పాస్ ఉన్నవారికి ఈ సర్వీసులు పాస్‌లోనే కలిసి ఉంటాయి. ఇది తెలియక, పాస్ జేబులో ఉంచుకుని విడిగా షికారు పడవకు డబ్బు కట్టే కుటుంబాలు చాలా ఉంటాయి. అది చూస్తే నాకు బాధగా ఉంటుంది.

లూసెర్న్ నుంచి ఫ్ల్యూలెన్‌కు దాదాపు మూడు గంటలు. రెండు వైపులా పడవే ఎక్కితే రోజు గడిచిపోతుంది. చిన్నపిల్లలు, పెద్దవాళ్లు ఉంటే వెళ్లేటప్పుడు పడవ, వచ్చేటప్పుడు రైలు పెట్టుకోవడం మేలు. ఫ్ల్యూలెన్‌లో రేవు పక్కనే స్టేషన్. ఆర్ట్-గోల్డావ్ మీదుగా ఇంచుమించు గంటలో తిరిగి లూసెర్న్ చేరుకోవచ్చు.

ఏ పక్క కూర్చోవాలి?

లూసెర్న్ నుంచి బయల్దేరినప్పుడు ఎడమ పక్క రిగి కొండ, వెగ్గిస్, విట్స్‌నౌ, గెర్సౌ ఊళ్లు. కుడి పక్క బ్యూర్గెన్‌స్టాక్ కొండ. బ్రున్నెన్ దగ్గర పడవ దక్షిణానికి మలుపు తిరిగాక ర్యూట్లి పచ్చిక కుడి పక్కన, టెల్ గుడి ఎడమ పక్కన. అక్కడ కుడి ఒడ్డు తూర్పు ముఖంగా ఉంటుంది కాబట్టి దాని మీద పొద్దుటి ఎండ పడుతుంది. మధ్యాహ్నం దాటితే వెలుగు ఎడమ ఒడ్డుకు మారుతుంది. ఫొటోల పిచ్చి ఉన్నవాళ్లు దీన్నిబట్టి పడవ వేళ ఎంచుకోవాలి.

మొదటి తరగతి టికెట్టుకు పై డెక్ దక్కుతుంది. ఎత్తు, ఖాళీ రెండూ ఉంటాయి. కానీ ఎండాకాలపు రద్దీ రోజుల్లో తప్ప దానికి ఎక్కువ డబ్బు పెట్టాల్సిన అవసరం నాకు కనబడదు. కింది డెక్ మీద నీళ్లు దగ్గరగా ఉంటాయి, స్టీమరైతే ఇంజను కూడా.

ఐదుగురు ముసలమ్మలు

ఈ సరస్సు మీద తెడ్డు చక్రాలతో నడిచే స్టీమర్లు ఐదు ఇప్పటికీ తిరుగుతున్నాయి. ‘ఊరి’ అనే స్టీమర్ 1901 నాటిది. ఉంటర్‌వాల్డెన్ 1902, షిల్లర్ 1906, గాలియా 1913. చివరిది ష్టాట్ లుట్సెర్న్, 1928. స్విస్ సరస్సుల కోసం కట్టిన ఆఖరి స్టీమర్ అదే. ఊరి స్విట్జర్లాండ్‌లో ఇంకా నడుస్తున్న చక్రాల స్టీమర్లన్నిటిలో పెద్దది, అంటే వయసులో.

నడి డెక్‌లో ఇంజను గది మీద మూత ఉండదు. కటకటాల పక్కన నిలబడి కిందికి చూస్తే, లావుపాటి ఉక్కు కడ్డీలు నూనెతో మెరుస్తూ ముందుకీ వెనక్కీ కదులుతుంటాయి. ఆ కదలికే పక్కనున్న తెడ్డు చక్రాలను తిప్పుతుంది. ఇప్పుడు బొగ్గు మండించరు, నూనె మండిస్తారు. మిగతా ఏర్పాటంతా పాతదే. పిల్లల్ని తీసుకెళ్లేవారికి నా సలహా ఒకటే: కొండలు తర్వాత చూపించండి, ముందు ఈ ఇంజను చూపించండి. ఆవిరితో యంత్రం ఎలా నడుస్తుందో పుస్తకంలో పది పేజీలు చదివినా రాని సంగతి ఇక్కడ పది నిమిషాల్లో అర్థమవుతుంది.

ఉంటర్‌వాల్డెన్‌కు ఒక ప్రత్యేకత ఉంది. పిలాటస్ కొండ కిందున్న ఆల్ప్‌నాఖ్ పాయలోకి వెళ్లాలంటే ఆకెరెగ్ దగ్గర ఒక తక్కువ ఎత్తు వంతెన కింద దూరాలి. ఈ స్టీమర్ అక్కడికి వచ్చేసరికి పొగగొట్టాన్ని లోపలికి దించుకుంటుంది, సారంగు గది కప్పును కూడా కిందికి వాల్చుకుంటుంది. వంతెన దాటాక రెండూ మళ్లీ పైకి లేస్తాయి.

స్టీమర్లు ఎక్కువగా వేసవి కాలంలో తిరుగుతాయి. చలికాలంలో సర్వీసులు బాగా తగ్గిపోతాయి. టైంటేబుల్లో స్టీమర్ సర్వీసులకు చక్రం గుర్తు ఉంటుంది. ఆ గుర్తు చూసి రోజు, వేళ నిర్ణయించుకోండి.

1848 నాటి రిగి అనే స్టీమర్ మాత్రం ఇప్పుడు నీళ్లలో లేదు. లూసెర్న్‌లోని రవాణా మ్యూజియం ఆవరణలో ఉంది. ఆ మ్యూజియానికి సొంతంగా పడవల రేవే ఉంది.

రిగి నుంచి ఊటీకి

విట్స్‌నౌ రేవులో దిగితే ఎదురుగానే కొండ రైలు. 1871 మే 21న మొదలైన ఈ రైలు యూరప్‌లో మొట్టమొదటి పళ్ల పట్టా కొండ రైలు. రెండు పట్టాల నడుమ నిచ్చెన మెట్లలాంటి మూడో పట్టా ఉంటుంది. రైలు కింద ఉన్న పళ్లచక్రం ఆ మెట్లను పట్టుకుంటూ పైకి పాకుతుంది. దీన్ని కనిపెట్టిన ఇంజనీరు నిక్లౌస్ రిగెన్‌బాఖ్. అంతకు మూడేళ్ల ముందు, 1868లో, విక్టోరియా రాణి లూసెర్న్‌లో విడిది చేసి రిగి ఎక్కినప్పుడు ఈ రైలు లేదు.

మనకు సంబంధించిన సంగతి ఇప్పుడు వస్తుంది. నీలగిరుల మీదికి రైలు వేయాలని ఆలోచిస్తున్న రోజుల్లో, 1882లో, ప్రభుత్వం పిలిపించి అంచనాలు వేయించుకున్నది ఈ రిగెన్‌బాఖ్ చేతనే. ఆయన లెక్కల ప్రకారం పని సాగలేదు. 1899లో మేట్టుపాళయం నుంచి కూనూరు దాకా నడిచిన రైలు ఆప్ట్ అనే మరో పళ్ల పట్టా పద్ధతిది. ఆ పద్ధతి కనిపెట్టిన రోమన్ ఆప్ట్ కూడా స్విస్ ఇంజనీరే, రిగెన్‌బాఖ్ దగ్గర పనిచేసినవాడే. ఆ దారిలో తిరిగిన ఆవిరి ఇంజన్లలో చాలావాటిని స్విట్జర్లాండ్‌లోని వింటర్‌టూర్‌లో తయారుచేశారు. ఊటీ బొమ్మ రైలు ఎక్కి మురిసిన ప్రతి తెలుగు కుటుంబానికీ విట్స్‌నౌ రేవుతో ఈ చుట్టరికం ఉంది. స్విట్జర్లాండ్ చూడాలని కలలుగనే మనవాళ్లకు ఈ కథ చెప్పే గైడు దొరికితే ఎంత బాగుండును!

పిలాటస్ రైలు సంగతి ఒక ముక్కలో: 1889లో మొదలైంది, వాలు 48 శాతం, ప్రపంచంలో ఇంతకన్నా నిటారైన పళ్లచక్రం రైలు లేదు. మంచు కాలంలో ఇది నడవదు.

నవంబరులో వెళ్లేవారికి

చలికాలం మొదట్లో ఈ సరస్సు మీద రోజుల తరబడి పొగమంచు కప్పేస్తుంది. పడవలో కూర్చుంటే తెల్లటి గోడ తప్ప ఏమీ కనబడదు. అలాంటి రోజున విట్స్‌నౌలో దిగి కొండ రైలు ఎక్కితే, కాస్త ఎత్తుకు వెళ్లేసరికి మంచు కిందికి పోయి నీలి ఆకాశం వస్తుంది. 1,798 మీటర్ల రిగి శిఖరం మీద ఎండ కాస్తుంటుంది. పైన వాతావరణం ఎలా ఉందో రేవులో నిలబడి ఊహించనక్కరలేదు. కొండల మీద పెట్టిన కెమెరాల దృశ్యాలు ఫోన్‌లోనే చూసి నిర్ణయించుకోవచ్చు.

కొన్ని చిన్న ముచ్చట్లు

గెర్సౌ అనే ఒక్క ఊరు వందల ఏళ్ల పాటు స్వతంత్ర రిపబ్లిక్‌గా బతికింది. 1390లో ఊరివాళ్లంతా డబ్బు పోగుచేసి తమ స్వేచ్ఛను తామే కొనుక్కున్నారు. 1798లో నెపోలియన్ కాలపు ఫ్రెంచి సైన్యాలు వచ్చేదాకా ఎవరికీ తలవంచలేదు.

సంగీత ప్రియులకు: లూసెర్న్ దాటగానే కుడి పక్కన ట్రిబ్‌షెన్‌లో జర్మన్ స్వరకర్త వాగ్నర్ 1866 నుంచి 1872 వరకూ ఉన్న ఇల్లు కనిపిస్తుంది. 1870 క్రిస్మస్ పొద్దున భార్య కోజిమా కోసం ఆ ఇంటి మెట్ల మీద వాద్యకారుల్ని నిలబెట్టి కొత్త సంగీతంతో ఆమెను నిద్రలేపాడు. ఆ తర్వాత ఎడమ పక్కన హెర్టెన్‌స్టైన్‌లో రష్యన్ స్వరకర్త రాఖ్మానినోవ్ కట్టుకున్న విల్లా. పగనీని రాప్సొడీని 1934లో అక్కడే రాశాడు.

వెగ్గిస్‌లో ఆల్ప్స్ కొండల నీడనే తాటి జాతి చెట్లు పెరుగుతాయి. సరస్సు నీళ్లు వేడిని దాచుకోవడం ఒక కారణం, దక్షిణం నుంచి వీచే వెచ్చటి గాలి ఇంకో కారణం.

శాకాహారులు పడవలో ఆల్ప్లర్‌మాగ్రోనెన్ అడిగి చూడండి. మాకరోనీ, బంగాళాదుంప, జున్ను, వేయించిన ఉల్లిపాయలు, పక్కన ఉడికించిన ఆపిల్ గుజ్జు. కొన్నిచోట్ల పంది మాంసం ముక్కలు కలుపుతారు కాబట్టి ముందే వద్దని చెప్పాలి. పచ్చడి లేని లోటు లోటే, అయినా చలిగాలిలో వేడివేడిగా బాగుంటుంది.

నది వెనక్కి పారిన రోజు

సముద్రం లేని దేశంలో సునామీ వచ్చిందంటే నమ్ముతారా? 1601 సెప్టెంబరు 18 రాత్రి ఇక్కడ భూకంపం వచ్చింది. ఆ కుదుపుకు సరస్సు అడుగున వాలుల మీద పేరుకున్న బురద జారిపోయింది, కొండచరియ కూడా విరిగి నీళ్లలో పడింది. నాలుగు మీటర్ల దాకా ఎత్తున అలలు లేచాయి. లూసెర్న్ నగర కార్యదర్శి రెన్‌వార్డ్ సీజాట్ తాను చూసినదంతా రాసిపెట్టాడు. సరస్సులోంచి బయటికి పారాల్సిన రాయిస్ నది వెనక్కి మళ్లిందనీ, నగరం నడుమ నది అడుగు బయటపడిందనీ చెప్పాడు. నాలుగు వందల ఏళ్ల తర్వాత శాస్త్రవేత్తలు సరస్సు అడుగు నుంచి మట్టి పొరలు తీసి చూస్తే, ఆయన రాసినదానికి సాక్ష్యం ఆ పొరల్లో దొరికింది.

ఆ అడుగునే ఇంకోటీ ఉంది. 20వ శతాబ్దంలో స్విస్ సైన్యం పాత ఫిరంగి గుండ్లు, మందుగుండు వేల టన్నులు ఈ సరస్సులోనూ మరికొన్ని సరస్సుల్లోనూ పడేసింది. ఇప్పుడు వాటిని బయటికి తీయడం ఎలాగో తెలియక, మంచి ఉపాయం చెప్పినవారికి బహుమతులిస్తామని 2024లో ప్రభుత్వం పోటీ పెట్టింది. సుమారు 200 మీటర్ల లోతున ఉన్న ఆ సరుకు వల్ల పడవ ప్రయాణికులకు ఏ ప్రమాదమూ లేదు. అయినా ఇంత తేటగా కనిపించే నీటికి, తాగునీటిగా కూడా వాడుకునే నీటికి, ఆ పని చేసి ఉండాల్సింది కాదు.

నారింజ దీపం భాష

సరస్సు ఒడ్డున అక్కడక్కడా స్తంభాల మీద నారింజ రంగు దీపాలు కనిపిస్తాయి. మామూలు రోజుల్లో అవి వెలగవు. నిమిషానికి 40 సార్లు మెరిస్తే బలమైన గాలి రావచ్చని హెచ్చరిక. నిమిషానికి 90 సార్లు మెరిస్తే తుపాను గాలి ముంచుకొస్తోందని, చిన్న పడవలు వెంటనే ఒడ్డు చేరాలని అర్థం. స్విట్జర్లాండ్‌లోని పెద్ద సరస్సులన్నిటికీ ఇదే పద్ధతి. మీరు సొంతంగా తొక్కుడు పడవో, మోటారు పడవో అద్దెకు తీసుకుంటే ముందు ఈ లెక్క నేర్చుకోండి. ఆకాశం నిర్మలంగా ఉంది కదా అని దీపాన్ని పట్టించుకోకపోవడం ఇక్కడ ప్రాణాల మీదికి తెస్తుంది.

ఎందుకంటే ఇక్కడి అసలు శత్రువు మబ్బులేని గాలి. దాని పేరు ఫ్యోన్. ఆల్ప్స్ దక్షిణపు వాలున వాన కురిపించి, తడి వదిలించుకుని, ఉత్తరపు వాలున కిందికి దిగుతూ గాలి వేడెక్కుతుంది. రాయిస్ లోయ ఒక గొట్టంలా ఆ గాలిని ఫ్ల్యూలెన్ దగ్గర సరస్సు మీదికి వదులుతుంది. కొండలు చేయి చాస్తే అందేలా స్పష్టంగా కనిపిస్తాయి, ఎండ కాస్తుంది, నీళ్లు మాత్రం ఉడికిపోతుంటాయి. వసంతంలోనూ శరత్కాలంలోనూ ఇది ఎక్కువ.

విలియం టెల్ కథ నడిచేది ఈ గాలి మీదే. కొడుకు తల మీది ఆపిల్‌ను బాణంతో కొట్టిన టెల్‌ను అధికారి గెస్లర్ బంధించి పడవలో తీసుకుపోతుంటాడు. ఫ్యోన్ లేస్తుంది. పడవను ఒడ్డుకు చేర్చగల చేతులు టెల్‌వి మాత్రమే కాబట్టి అతని కట్లు విప్పుతారు. అతను పడవను బండ దగ్గరికి నడిపి, దాని మీదికి దూకి, పడవను కాలితో మళ్లీ నీళ్లలోకి తన్నేస్తాడు. ఆ బండ దగ్గర ఎర్న్‌స్ట్ ష్ట్యూకెల్‌బెర్గ్ వేసిన కుడ్యచిత్రాలతో చిన్న గుడి ఉంది. టెల్ అనే మనిషి నిజంగా ఉన్నాడనడానికి చరిత్రకారులకు ఆధారం దొరకలేదు. ఆ కథ చెప్పుకున్నవాళ్లకు మాత్రం ఈ సరస్సు గాలి బాగా తెలుసు.

ఎప్పుడూ ఇక్కడికి రాని కవి

బ్రున్నెన్ దాటి మలుపు తిరగగానే నీళ్లలోంచి సుమారు 25 మీటర్ల ఎత్తున ఒక రాతి స్తంభం లేస్తుంది. జర్మన్ కవి షిల్లర్‌కు కృతజ్ఞతగా 1859లో, ఆయన నూరవ జయంతికి, దాని మీద బంగారు అక్షరాలు చెక్కారు. టెల్ కథను 1804లో నాటకంగా రాసి ప్రపంచానికి చాటినవాడు ఆయన. కానీ షిల్లర్ స్విట్జర్లాండ్‌లో ఎప్పుడూ అడుగుపెట్టలేదు! ఈ సరస్సును తెలిసినవాళ్ల మాటల్లో విని, పుస్తకాల్లో చదివి రాశాడు.

పక్కనే ర్యూట్లి. 1291లో మూడు లోయల మనుషులు కలిసి ప్రమాణం చేశారని చెప్పుకునే పచ్చిక. ఆ ఏటి ఒప్పంద పత్రం ష్విట్స్ పట్టణంలోని మ్యూజియంలో ఉంది. 1859లో ఇక్కడ హోటలు కట్టబోతే బడిపిల్లలతో సహా దేశమంతా చందాలు వేసుకుని ఆ నేలను కొని ప్రభుత్వానికి అప్పగించింది. 1940 జులై 25న, ఫ్రాన్స్ హిట్లర్ చేతికి చిక్కాక, స్విస్ సైన్యాధిపతి జనరల్ ఆన్రీ గీజాన్ వందలమంది సైనికాధికారులను ఇక్కడికి పిలిచి, ఆల్ప్స్‌ను కోటగా చేసుకుని పోరాడతామని చెప్పాడు. వాళ్లందరినీ మోసుకొచ్చింది పైన చెప్పిన ష్టాట్ లుట్సెర్న్ స్టీమరే. ఇవాళ అదే డెక్ మీద ఎవరైనా కాఫీ తాగుతూ కూర్చోవచ్చు. ర్యూట్లి రేవులో తప్పక దిగండి. అక్కడ చూడటానికి పెద్ద కట్టడమేదీ లేదు, గడ్డి, జెండా, పాత ఇల్లు, అంతే. ఒక దేశం తాను పుట్టిన చోటును ఇంత సాదాగా ఉంచుకోవడం నాకు గొప్పగా అనిపిస్తుంది.

ఈ పచ్చికకు పైన, కొండ మీది జేలిస్‌బెర్గ్‌లో, 1970లలో మహర్షి మహేశ్ యోగి ఒక పాత పెద్ద హోటలును తన ధ్యాన ఉద్యమానికి కేంద్రంగా చేసుకున్నారు. ట్రైబ్ రేవు నుంచి అక్కడికి 1916 నాటి తాడు రైలు ఉంది.

నడవగలిగినవారికి ర్యూట్లి నుంచి సరస్సులోని ఈ దక్షిణపు పాయ చుట్టూ బ్రున్నెన్ దాకా 35 కిలోమీటర్ల కాలిబాట ఉంది. 1991లో ప్రమాణానికి 700 ఏళ్లు నిండినప్పుడు వేశారు. దేశంలో ఒక్కొక్కరికి 5 మిల్లీమీటర్ల చొప్పున లెక్కకట్టి, ఏ కాంటన్ (రాష్ట్రం) జనాభా ఎంతో ఆ కాంటన్‌కు అంత పొడవు పంచారు. మొత్తం నడవనక్కరలేదు. ఒక రేవులో దిగి, తర్వాతి రేవు దాకా నడిచి, అక్కడ మళ్లీ పడవెక్కొచ్చు.

ఫ్ల్యూలెన్‌లో దిగాక

చాలామంది పడవ దిగగానే రైలు కోసం పరుగెడతారు. ఒక రైలు వదిలేయండి. ఒడ్డున కాస్త నడిస్తే రాయిస్ నది సరస్సులో కలిసే చోట చిన్నచిన్న దీవులు కనిపిస్తాయి. ఇసుక, కంకర తవ్వకాల వల్ల కోసుకుపోయిన నదీముఖాన్ని నిలబెట్టడానికి, గొటార్డ్ కొండలో రైలు సొరంగం తవ్వినప్పుడు వచ్చిన రాయిని తెచ్చి ఇక్కడ పోసి ఈ దీవుల్ని చేశారు. కొన్ని స్నానాలకు, కొన్ని పక్షుల కోసం. జులై, ఆగస్టు నెలల్లో వెళ్తే సంచిలో ఒక తువ్వాలు, ఒక జత బట్టలు అదనంగా పెట్టుకోండి. నీళ్లు చల్లగానే ఉంటాయి, ఈత వచ్చినవారు కూడా ఒడ్డు దగ్గరే ఉండాలి, నారింజ దీపం మెరుస్తుంటే అసలు దిగకూడదు.